సభ్యుల పాఠం: పెయ్యదూడకు టీకా – ఇంటికి రక్ష



చూడి గేదె ఏడవ నెలలోనో ఎనిమిదవ నెలలోనో ఈసుకుపోతే దిష్టి తగిలిందని అనుకుంటాము. మాయను వట్టి చేతులతో తీసి పెంటకుప్పపై వేస్తాము. కొన్ని వారాలకు ఇంట్లో ఒకరికి జ్వరం వస్తూ పోతూ, కీళ్ళు, నడుము నొప్పి పెడితే మలేరియా అనో టైఫాయిడ్ అనో మందులు వాడతాము. రెండింటికీ మూలం ఒకే క్రిమి కావచ్చును. ఆ వ్యాధి పేరు బ్రూసెల్లోసిస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని నిర్లక్ష్యానికి గురైన వ్యాధులలో ఒకటిగా లెక్కించినది.

ఈ క్రిమిని 1887లో మాల్టా ద్వీపంలో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు కనుగొన్నాడు. మేకల పాల ద్వారా మనుషులకు సోకుతున్నదని 1905లో అక్కడే తేలినది. 1923లో అమెరికాలో ఒక జెర్సీ ఆవు పాల నుండి తీసిన క్రిమిని పరిశోధనశాలలో ఏడాదికి పైగా ఉంచగా దాని తీవ్రత తగ్గిపోయినది. రోగం తెచ్చే బలం తగ్గినా రక్షణశక్తి కలిగించే గుణం మిగిలినది. ఎస్-19 అనే టీకా దాని నుండి వచ్చినదే.

మనుషులకు మన దేశంలో ఈ వ్యాధికి టీకా లేదు. ఎస్-19 బతికిన క్రిమితో చేసినది కనుక పొరపాటున మనిషికి గుచ్చుకుంటే అదే జ్వరం రావచ్చును. కాబట్టి దూడకు వేసే టీకాయే మన ఇంటికి రక్ష.

పటాన్‌చెరు నుండి గచ్చిబౌలి ఎంతో దూరం లేదు. జాతీయ పాడి అభివృద్ధి మండలి 1982లో నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునాలాజికల్స్ అక్కడున్నది. గాలికుంటు టీకాను రైతుకు అందుబాటు ధరలో ఇవ్వడానికి పుట్టిన ఆ సంస్థ బ్రూసెల్లా టీకాను కూడా తయారుచేస్తున్నది. 2019లో ఆరంభమైన జాతీయ పథకం కింద పెయ్యలకు ఈ టీకా ఉచితం.

పక్కనే తయారైనా మన కొట్టంలోకి చేరకపోతే ఫలమేమి? ఈ ప్రాంతంలో ఒక సంఘాన్ని తనిఖీ చేసినపుడు పాల లెక్క, వెన్నశాతం లెక్క పైసాతో సహా సరిచూచాము. దూడల లెక్క అడగలేదు. టీకాల నాడు మగవారు ఫ్యాక్టరీ షిఫ్టులకు పోయినారు. ఏ దూడకు ఎన్ని నెలలో చెప్పేవారు లేక కొన్ని మిగిలిపోయినవి. మరుసటి శిబిరం నాటికి వాటి వయస్సు దాటినది. ఆ లోపంలో మాకూ పాలున్నది.

సభ్యులు పాటించవలసినవి:

1. పెయ్య పుట్టిన తేదీని సంఘం రిజిస్టరులో రాయించవలెను. నాలుగు నుండి ఎనిమిది నెలల మధ్య ఒక్కసారి టీకా వేయించిన చాలును. కోడెదూడలకు వేయరాదు. చూడి పశువుకు వేస్తే ఈసుకుపోయే ప్రమాదమున్నది.

2. టీకాను 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో తెచ్చి పశువైద్య సిబ్బందే వేయవలెను.

3. ఈసుకుపోయిన పశువును వేరుగా కట్టవలెను. చేతులకు తొడుగులు వేసుకొని, మాయను కుక్కలకు అందకుండా సున్నం చల్లి లోతుగా పూడ్చవలెను.

4. సంతలో పశువును కొన్నపుడు రక్తపరీక్ష చేయించవలెను.

5. పాలు కాచి తాగవలెను. జ్వరం విడవకపోతే ఇంట పశువు ఈసుకుపోయిన సంగతి డాక్టరుకు చెప్పవలెను.

టీకా నూటికి నూరుపాళ్ళు రక్ష కాదు. అందుకే మిగిలిన జాగ్రత్తలు కూడా అవసరం.

వచ్చే సమావేశంలో కార్యదర్శి ఈ పాఠం చదివి వినిపించి, టీకా వయస్సులో ఉన్న పెయ్యలెన్నో లెక్క తీయవలెను. ఇకపై తనిఖీకి వచ్చినపుడు పాల రిజిస్టరు కన్న ముందు మేము దూడల రిజిస్టరు అడుగుతాము.