ప్రభుత్వము ప్రజలతో అబద్ధమాడవచ్చునా?



పిల్లవానిని సూదిమందుకు తీసికొనిపోవునప్పుడు "ఏమీ నొప్పి పెట్టదు" అని చెప్పని తల్లిదండ్రులు అరుదు. మంచి ఉద్దేశముతోనే చెప్పుదుము. రెండవసారి వాడు మన మాట నమ్మడు. ఆసుపత్రి గుమ్మము చూడగానే ఏడ్చును. ప్రజల మేలు కొరకని ప్రభుత్వములు చెప్పు అబద్ధములు ఇటువంటివేనా? జరిగిన ఒక సంగతిని ముందు పెట్టుకొని ఆలోచింతము.

1. చెర్నోబిల్‌లో జరిగినది

1986 ఏప్రిల్ 26 తెల్లవారుజామున, అప్పటి సోవియట్ యూనియన్‌లో చేరియున్న ఉక్రెయిన్‌లో, చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రపు నాలుగవ రియాక్టరు పేలిపోయినది. ప్రక్కనున్న ప్రిప్యాత్ పట్టణములో సుమారు 49,000 మంది ఉండిరి. ఆ ఉదయము పిల్లలు ఎప్పటివలెనే బడికి వెళ్లిరి. మరునాటి మధ్యాహ్నము గాని ఊరు ఖాళీ చేయించలేదు. తాత్కాలికముగానే అని చెప్పి పంపిరి. వారు మరల ఆ ఇండ్లలో కాపురము చేయలేదు. 28వ తేదీన స్వీడన్‌లోని అణు కేంద్రములో రేడియోధార్మికత బయటపడిన తరువాతనే మాస్కో కొద్ది వాక్యములలో ప్రమాదమును ఒప్పుకొన్నది. అయినను మే 1న కీవ్ నగర వీధులలో ఊరేగింపు యథాప్రకారము జరిపిరి.

2. "జనము కంగారుపడుదురు"

అబద్ధమునకు ఎప్పుడును చెప్పు కారణమిది. అయితే పొరుగున ఉన్న పోలండును చూడుడి. అక్కడి ప్రభుత్వము ఏప్రిల్ 29 నుండి సుమారు కోటి మంది పిల్లలకు అయోడిన్ మందు త్రాగించినది. ప్రమాదము జరిగిన ప్రాంతములలోనో, విషము కలిసిన పాలు చాలామంది పిల్లలు త్రాగుచునే యుండిరి. 2005 నాటికి బెలారస్, ఉక్రెయిన్, రష్యాలలో, ఆనాడు పిల్లలుగా ఉన్నవారిలో 6,000కు పైగా థైరాయిడ్ క్యాన్సర్లు కనబడినవి. వాటిలో పెద్ద భాగమునకు ఆ పాలే కారణము. నిజము తెలిసిన ఏ తల్లి ఆ గ్లాసు బిడ్డ చేతికి ఇచ్చియుండును?

3. మౌనము వేరు, అబద్ధము వేరు

1944లో మిత్రరాజ్యములు గాలి నింపిన రబ్బరు టాంకులతో జర్మనులను మోసగించి నార్మండీలో దిగినవి. ఆ మోసము శత్రువు మీదిది. స్వదేశ ప్రజలకును దిగు తేదీ చెప్పలేదు. అది కొంతకాలపు మౌనము. మన దేశములోని 2005 సమాచార హక్కు చట్టము కూడ ఈ భేదమును ఎరుగును. దేశ భద్రత వంటి సంగతులు చెప్పనక్కరలేదని 8వ సెక్షను అనును. తెలిసియే తప్పుడు సమాచారమిచ్చిన అధికారికి 25,000 రూపాయల వరకు జరిమానా అని 20వ సెక్షను అనును.

ఐగుప్తు మంత్రసానుల మాటేమి అని కొందరు అడుగుదురు. వారు ఫరోకు ఉన్నది చెప్పలేదు. బలవంతుని నుండి పసివారిని కాపాడుటకే అట్లు చేసిరి. ప్రభుత్వపు అబద్ధములో బలవంతుడే బలహీనుని కండ్లు కప్పును.

గనుక మా అభిప్రాయమిది: ప్రభుత్వము కొన్ని సంగతులు కొంతకాలము దాచవచ్చును, ప్రజలతో అబద్ధమాడరాదు. వారి ప్రాణములకే అపాయమైనప్పుడు మౌనము కూడ తగదు.

చర్చకు ప్రశ్నలు

1. శత్రువును మోసగించుటకు చెప్పిన అబద్ధమును స్వదేశస్థులును నమ్మినయెడల, తరువాత ప్రభుత్వము ఏమి చేయవలెను?
2. మన ఊరిలో అంటువ్యాధి వచ్చినప్పుడు అధికారులు ఏమి చెప్పవలెనని కోరుదుము?
3. సంఘపు లెక్కలు చదువునప్పుడు "కలత ఎందుకు" అని మనము దాచినది ఏమైనను ఉన్నదా?