మద్యము సేవించి బండి నడుపువానిని నిలిపిన పిమ్మట జరుగునది

పలాస, టెక్కలి పట్టణముల మీదుగా పోవు 16వ జాతీయ రహదారియే మన ఉద్దానపు రైతునకు అంగడిదారి. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలములనుండి జీడిపిక్కలును, కొబ్బరికాయలును ట్రాక్టరులమీదను, ఆటోలమీదను ఈ దారికే చేరును. సరకు అమ్మి చేత రూకలు పడినపిమ్మట ఒకింత పుచ్చుకొని బండి యెక్కువారు మన సభ్యులలోను లేకపోలేదు. అట్టివారిని పోలీసువారు నిలిపినచో ఏమి జరుగునో తెలియక కొందరు పారిపోజూతురు. కొందరు చేతిలోని సొమ్మిచ్చి బయటపడజూతురు. రెండును తప్పే. కావున చట్టము చెప్పుచున్నదానిని ఇచట వివరించుచున్నాము.

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 185వ సెక్షను ననుసరించి, నూరు మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు గలవాడు బండి నడుపుట నేరము. త్రాగినది బ్రాందీయా, సారాయా, తాటికల్లా అని చట్టము అడుగదు. కల్లు చలువచేయునే గాని మద్యము కాదని వాదించువారు గలరు. యంత్రమునకు ఆ భేదము తెలియదు. ట్రాక్టరు కూడ చట్టము దృష్టిలో మోటారు వాహనమే. రోడ్డెక్కినచో మోటారుసైకిలునకు గల నిబంధనయే దానికిని కలదు.

యూనిఫారము ధరించిన పోలీసు అధికారి శ్వాసపరీక్ష కోరవచ్చును. ఊదకుండుటయే మేలని కొందరు బోధింతురు. ఇది చెడ్డ సలహా. త్రాగినాడను అనుమానమునకు తగిన కారణమున్నచో, నిరాకరించినవానిని వారంటు లేకయే నిర్బంధింపవచ్చును. ఆ నిరాకరణమునే కోర్టులో సాక్ష్యముగా చూపవచ్చును. అప్పుడే త్రాగినవాని నోటిలో మిగిలినదానివలన అంకె హెచ్చుగా రావచ్చును గనుక, పావుగంట తాళి మరల పరీక్షింపుడని మర్యాదగా కోరుట తప్పు గాదు. తేలిన అంకెను స్వయముగా చూచుకొనవలెను.

నిమ్మరసము, మజ్జిగ, తమలపాకు, చిక్కని టీ మొదలగువానిని గూర్చి ఒక మాట. ఇవి వాసనను కప్పునే గాని ఊపిరితో వచ్చు ఆల్కహాలును తగ్గింపవు. మన కాలేయము గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే దానిని తొలగించును. దేహమునుబట్టి కొంత హెచ్చుతగ్గులుండును. గ్రామదేవత సంబరమునాటి రాత్రి పది గంటలకు 120 మిల్లీగ్రాములున్నవాడు 30కి దిగుటకు ఆరు గంటలు పట్టును. అతడు నిద్రించి లేచి, ముఖము కడిగికొని, తెల్లవారుజామున మూడు గంటలకు కొబ్బరిలోడుతో బయలుదేరినచో అప్పటికిని 45 ఉండును. తాను త్రాగి యున్నానని అతనికే తోచదు.

పరిమితి మించినదని తేలినచో పోలీసువారు నిర్బంధింపవచ్చును. అట్లు నిర్బంధించిన రెండు గంటలలో వైద్యునిచే పరీక్ష జరిపింపవలెను, లేనిచో విడిచిపెట్టవలెను. ఇది జామీను పొందదగిన నేరము. నిర్బంధకారణము తెలుపుమనియు, ఇంటివారికి కబురంపుమనియు అడుగుట హక్కు. బండిని, త్రాగక లైసెన్సు గలిగిన బంధువునకు అప్పగింపుడని కోరవచ్చును. ఇట్టి కేసులలో బండిని పట్టియుంచరాదని తెలంగాణ హైకోర్టు 2021లో తీర్పు చెప్పెను. అది మన రాష్ట్రమును కట్టిపడవేయదు గాని, వకీలు వాదమునకు పనికివచ్చును.

శిరస్త్రాణము లేనందుకు విధించు జరిమానావలె దీనిని రోడ్డుమీదనే చెల్లించి ముగించుటకు చట్టము ఒప్పదు. విచారణ మేజిస్ట్రేటు కోర్టులోనే జరుగవలెను. కావున రోడ్డుమీద సొమ్ము ఇచ్చుటయు, పుచ్చుకొనుటయు లంచమే. 2019 సవరణకు పూర్వము మొదటి నేరమునకు జరిమానా 2,000 రూపాయలలోపే. ఇప్పుడు ఆరునెలలవరకు ఖైదు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింతురు. మరల పట్టుబడినచో రెండేండ్లవరకు ఖైదు గాని, 15,000 రూపాయలు గాని, రెండును గాని.

లైసెన్సు సంగతి చాలమంది ఎరుగరు. పోలీసువారు దానిని తీసికొని రవాణా అధికారులకు పంపవచ్చును. అందులకు రసీదు ఇత్తురు. కాని ఈ నేరములో ఇచ్చు రసీదును చూపి బండి నడుపుటకు వీలులేదు. అధికారులు సంజాయిషీ విన్న పిమ్మట మొదటిసారి మూడునెలలు లైసెన్సు నిలిపివేయవచ్చును. రెండవసారి రద్దు చేయవచ్చును. జీడిపిక్కల కాలములో మూడునెలలు బండి తోలకుండుట డ్రైవరు కుటుంబమునకు జరిమానాకంటె భారము.

యజమానులును వినవలెను. త్రాగినవాడని తెలిసియు తాళము చేతికిచ్చి పంపినవానికి 188వ సెక్షను క్రింద డ్రైవరుతో సమానమైన శిక్ష పడవచ్చును. ప్రమాదమైనచో బండి నష్టమునకు బీమా కంపెనీవారు సాధారణముగా చెల్లింపరు. ఎదుటివానికి దెబ్బతగిలినచో ట్రిబ్యునలు ఉత్తరువుపై పరిహారమిచ్చినను, దానిని యజమానినుండి రాబట్టుకొన ప్రయత్నింతురు. అప్పుచేసి కొన్న ట్రాక్టరు పోయి, వాయిదాలు మిగులును. మనిషి మరణించినచో, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 106వ సెక్షను క్రింద ఐదేండ్లవరకు ఖైదు కలదు. అంతకంటె పెద్ద నేరమును మోపుటయు కలదు.

కోర్టు వాయిదానాడు లైసెన్సు రసీదు, బండి కాగితములు, ఆధారు కార్డు తీసికొని తప్పక హాజరు కావలెను. రానివానిపై వారంటు పుట్టవచ్చును. వకీలును పెట్టుకొనలేని పేదలును, నిర్బంధములోనున్నవారును 1987వ సంవత్సరపు న్యాయసేవల చట్టము క్రింద ఉచితముగా వకీలును పొందవచ్చును. అందులకు న్యాయసేవాధికార సంస్థవారికి దరఖాస్తు వ్రాసి ఇచ్చిన చాలును.