తప్పు మనిషిదా? వస్తువుదా?

ఉద్దేశం: నిత్యజీవితంలో వాడే వస్తువుల, యంత్రాల రూపకల్పనలో మనోవిజ్ఞాన శాస్త్రానికి గల ప్రాధాన్యాన్ని విద్యార్థులకు తెలియజేయడం.

గోడపై ఒకే వరుసలో ఆరు స్విచ్చులుంటాయి. ఫ్యాను వేయబోయి దీపం ఆర్పివేస్తాం. లాగవలసిన తలుపును నెట్టి, ఎవరైనా చూశారేమోనని సిగ్గుపడతాం. ఇటువంటి సందర్భాలలో మన అజాగ్రత్తను మనమే నిందించుకుంటాం. కాని ఆ తప్పు నిజంగా మనదేనా?

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యానికి చెందిన బి-17 బాంబర్ విమానాలు కొన్ని క్షేమంగా నేలకు దిగిన తరువాత ప్రమాదానికి గురయ్యేవి. రన్‌వేపై ఉండగానే చక్రాలు లోపలికి ముడుచుకొని, విమానం కూలబడేది. అది పైలట్ పొరపాటని అధికారులు తేల్చేవారు. అల్ఫాన్స్ చపానిస్ అనే యువ మనోవిజ్ఞానవేత్త మాత్రం పైలట్లతోపాటు వారి ఎదుటనున్న మీటలనూ పరిశీలించాడు. చక్రాల మీట, రెక్కల వెనుక అంచున ఉండే ఫ్లాపుల మీట పక్కపక్కనే, ఒకే ఆకారంలో ఉన్నాయి. అలసిన పైలట్ ఒకదానికి బదులు మరొకదానిని కదిలించడంలో ఆశ్చర్యమేమున్నది? చపానిస్ చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రాన్ని, ఫ్లాపుల మీటకు రెక్క అంచును పోలిన ముక్కను అమర్చాడు. ఏ మీట ఏదో చేతి స్పర్శతోనే తెలియసాగింది. నేటి ప్రయాణిక విమానాలలోనూ చక్రాల మీట కొన చక్రం ఆకారంలోనే ఉంటుంది.

మనసు స్వభావాన్ని ఎరిగి వస్తువును మలచడమే ఈ విధానానికి మూలసూత్రం. ఉదాహరణకు, డబ్బు చేతికి అందగానే పని పూర్తయిందని మనసు భావిస్తుంది. యంత్రంలో ఉన్న కార్డును మరచిపోతుంది. అందువల్లనే అనేక ఏటీఎంలు మొదట కార్డును తిరిగి ఇచ్చి, తరువాతనే డబ్బు ఇస్తాయి.

చేసిన పనికి ఫలితమేమిటో మనిషికి స్పష్టంగా తెలియడం మరొక సూత్రం. ఇది లోపించినందువల్ల ఎంతటి అనర్థం జరుగుతుందో 1979లో అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణువిద్యుత్ కేంద్రంలో వెల్లడైంది. అక్కడ ఒక కవాటం మూసుకోక తెరుచుకొనే ఉండిపోయింది. అయితే నియంత్రణ గదిలోని దీపం కవాటానికి మూసుకొమ్మనే సంకేతం అందినదని మాత్రమే తెలిపేది. అది మూసుకున్నదీ లేనిదీ తెలిపేది కాదు. దీపం ఆరగానే సిబ్బంది కవాటం మూసుకున్నదనే భావించారు. రెండు గంటలకు పైగా నీరు బయటికి పోయి, రియాక్టర్ గర్భం కొంతమేర కరిగిపోయింది. ఆ నియంత్రణ గదిని పరిశీలించిన వారిలో డొనాల్డ్ నార్మన్ అనే శాస్త్రవేత్త ఒకరు. నిత్యోపయోగ వస్తువుల మనోవిజ్ఞానాన్ని గురించి ఆయన 1988లో ప్రచురించిన గ్రంథం ఈ రంగానికి దారిదీపమైంది.

మన దేశంలోనూ ఈ సూత్రాలకు చక్కని నిదర్శనం ఉంది. 1951-52లో తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగేనాటికి దేశంలో అక్షరాస్యులు సుమారు 18 శాతమే. చదువురాని ఓటరు సైతం పొరబడకుండా అభ్యర్థులకు గుర్తులు కేటాయించారు. నేటి ఓటింగ్ యంత్రంలో మీట నొక్కగానే గుర్తు పక్కన ఎర్రదీపం వెలుగుతుంది. బీప్ శబ్దం వినిపిస్తుంది. వీవీప్యాట్‌లో ఓటు పడిన గుర్తు ఏడు సెకన్లపాటు కనిపిస్తుంది. ఓటరుకు అక్షరం రాకపోవడాన్ని లోపంగా ఎంచక, దానికి తగినట్లుగా ఏర్పాటు చేయడమే ఇందులోని విశేషం.

ఇంట్లో పెద్దవారికి సెల్‌ఫోను వాడటం చేతకాదని నవ్వేముందు, ఆ ఫోను వారిని దృష్టిలో పెట్టుకొని తయారైనదా అని ఆలోచించాలి. వాడేవారిని నిందించినంతకాలం అదే పొరపాటు మరొకరి చేత జరుగుతూనే ఉంటుంది. వస్తువును సరిదిద్దితే అందరికీ మేలు జరుగుతుంది.

కఠిన పదాలు - అర్థాలు
మీట = నొక్కి లేదా కదిలించి యంత్రాన్ని నడిపే సాధనం
కవాటం = ద్రవం ప్రవాహాన్ని ఆపే లేదా వదిలే మూత
అనర్థం = కీడు
నిదర్శనం = ఉదాహరణ

ప్రశ్నలు
1. బి-17 విమాన ప్రమాదాలకు అసలు కారణమేమిటి? దానిని చపానిస్ ఎట్లా నివారించాడు?
2. త్రీ మైల్ ఐలాండ్‌లోని దీపానికి, ఓటింగ్ యంత్రంలోని దీపానికి గల భేదాన్ని వివరించండి.
3. మీ ఇంట్లో తరచుగా పొరపాటుకు దారితీసే ఒక వస్తువును పేర్కొని, దానిని ఎట్లా మార్చవచ్చునో రాయండి.