నవవీరులు : ఐరోపా మధ్యయుగమున వీరధర్మము

ప్రతి జాతికిని వీరగాథలు కలవు. గెలిచినవాడెల్ల వీరుడు కాడనియు, ఓడినవాడెల్ల పిరికివాడు కాడనియు ఆ గాథలే చెప్పుచుండును. అయినను వీరుని దేనితో తూచవలెనను ప్రశ్నకు అన్ని కాలములందును ఒకే సమాధానము లభింపలేదు. భుజబలముతో తూచవలెనా? గెలిచిన రాజ్యముల విస్తీర్ణముతోనా? వంశముతోనా? మతముతోనా? లేక నడవడితోనా? ఐరోపా ఖండమున 14వ శతాబ్ది ప్రారంభమున ఈ ప్రశ్నకు ఒక కవి వింతయైన సమాధానము చెప్పెను. ఆయన పేర్కొన్న తొమ్మండుగురు వీరులు మూడు వందల సంవత్సరముల పాటు ఆ ఖండమునకు ఆదర్శపురుషులైరి. వారి కథ ఎంత స్ఫూర్తిదాయకమో, వారిని పొగడినవారి కథ అంత ఆలోచింపదగినది.

వీరధర్మము పుట్టుక

ఫ్రెంచి భాషలో గుఱ్ఱమును 'షెవాల్' అందురు. గుఱ్ఱమెక్కి పోరాడువాడు 'షెవాలియే'. అతడు పాటింపవలసిన ధర్మమే 'షెవాలెరీ'. ఇంగ్లీషువారు 'షివల్రీ' యనునది దీనినే. యుద్ధాశ్వము, ఇనుప కవచము, పొడవైన ఈటె మిక్కిలి వెలగల వస్తువులు. అవి గలవానిని ఎదిరించు శక్తి సేద్యకానికి గాని వర్తకునకు గాని లేదు. రాజశాసనము దుర్బలముగా నున్న చోట్ల ఈ అశ్వవీరులే పల్లెలను దోచి, పైరులను తగులబెట్టుచుండిరి. కాపాడవలసిన చేయియే కబళించు చేయి యయ్యెను.

ఈ దౌర్జన్యమును అరికట్టుటకు తొలుత మతాచార్యులు పూనుకొనిరి. 989లో ఫ్రాన్సు దేశపు షారూ అను చోట సమావేశమై, నిరాయుధులగు మతగురువులను కొట్టువారిని, పేదల పశువులను దోచువారిని వెలివేయుదుమని ప్రకటించిరి. క్రమముగా ఆయుధము పట్టువాడు ప్రమాణము చేయవలెనను భావము బలపడెను. 1275 ప్రాంతమున మయోర్కా ద్వీపవాసి రామోన్ లుల్ వీరధర్మముపై ఒక గ్రంథము రచించెను. విధవలను, అనాథలను, బలహీనులను కాపాడుటయే అశ్వవీరుని కర్తవ్యమనియు, ఆ పని విడిచి దోపిడికి దిగినవాడు ఆ పేరునకే తగడనియు ఆయన బోధించెను. గుఱ్ఱమునకు కళ్లెమెట్లో రౌతునకు ప్రమాణమట్లు. వీరధర్మము బలమును పెంచుటకు పుట్టినది కాదు. బలమునకు హద్దు విధించుటకు పుట్టినది.

తొమ్మండుగురి పట్టిక

నియమము చెప్పినంత మాత్రమున జనులు నడువరు, నడిచినవానిని చూపవలెను. 1312 ప్రాంతమున జాక్ ద లోంగ్వియోన్ అను ఫ్రెంచి కవి, లియేజ్ నగరపు మతాధిపతి తిబో ద బార్ కొఱకు 'నెమలి ప్రతిజ్ఞలు' అను అర్థము గల పేరుతో ఒక కావ్యము రచించెను. విందులో వడ్డించిన నెమలి ముందు వీరులు ఒక్కొక్కరుగా ప్రతిజ్ఞ పూని, పిదప రణరంగమున దానిని నెరవేర్చుకొనుట అందలి కథ. అలెగ్జాండరు చరిత్రకు అనుబంధముగా అల్లిన ఈ కల్పితగాథలో భారతదేశపు రాజకుమారుడుగా 'పోరుడు' అను యువకుడు కానవచ్చును. క్రీ.పూ. 326లో జీలం నదీతీరమున అలెగ్జాండరు నెదిరించిన పురుషోత్తముని గ్రీకులు పిలిచిన పేరే ఆ యువకునకు అబ్బినది. అతని శౌర్యమును పొగడు సందర్భముననే కవి లోకప్రసిద్ధులగు తొమ్మండుగురు వీరులను వరుసగా స్మరించి, వారును ఇంతకు మించినవారు కారని చెప్పెను. మన దేశపు పేరు గల ఒక పాత్రకు కొలబద్దగా ఈ పట్టిక పుట్టినదన్నమాట.

ఆ తొమ్మండుగురును మూడు త్రయములు. ప్రాచీన గ్రీకు, రోమను, ట్రాయి గాథలకు చెందిన హెక్టరు, అలెగ్జాండరు, జూలియస్ సీజరు మొదటి త్రయము. యూదుల గ్రంథములలోని యెహోషువ, దావీదు, యూదా మక్కబీయుడు రెండవ త్రయము. క్రైస్తవులగు ఆర్థరు, షార్లమేన్, బూయోన్ ప్రభువు గాడ్‌ఫ్రే మూడవ త్రయము. కవి క్రైస్తవుడు, ఆయనచే కావ్యము వ్రాయించినవాడు మతాధిపతి. అయినను తొమ్మండుగురిలో ఆరుగురు అన్యమతస్థులు. ఒక్కొక్క మతమునకు మువ్వురు, ఎక్కువతక్కువలు లేవు. వీరత్వము ఏ ఒక్క మతమునకును సొత్తు కాదని ఈ పట్టిక అంగీకరించినది.

వారేమి చేసిరి?

హెక్టరు ఓడినవాడు. ట్రాయి నగరమును కాపాడుచు అకిలీసు చేతిలో మరణించెను. అతని కళేబరమును శత్రువు రథమునకు కట్టి ఈడ్చెను. అట్టివాడు పట్టికలో మొదటివాడగుటకు కారణము, అతడు పరుల రాజ్యమును కోరి గాక తన పురమును, భార్యను, పసిబిడ్డను కాపాడుటకు పోరుట. ఫ్రెంచి ప్రభువులు తాము ట్రాయి వంశజులమని నమ్ముటయు అతని కీర్తికి దోహదము చేసినది. అలెగ్జాండరు గొప్ప విజేత. కాని అతని ఔదార్యమునకు చూపు ప్రధాన నిదర్శనము, ఓడిన పురుషోత్తముని రాజుగనే గౌరవించి రాజ్యము తిరిగి యొసగుట. సీజరు తన్నెదిరించిన వారిలో పలువురిని క్షమించెను. క్రీ.పూ. 48లో ఫర్సాలస్ యుద్ధానంతరము క్షమింపబడిన బ్రూటసు క్రీ.పూ. 44లో అతని హంతకులలో ఒకడయ్యెను. క్షమకు ఫలము ఎల్లప్పుడును కృతజ్ఞత కాదు. అయినను క్షమ వీరలక్షణముగనే నిలిచినది.

యెహోషువ కథలో మాటనిలుకడ ముఖ్యము. గిబియోనువారు దూరదేశస్థులమని బొంకి అతనితో సంధి చేసికొనిరి. మోసము బయటపడిన పిదప వారిని చంపుడని జనులు కోపించినను, ఇచ్చిన ప్రమాణము తప్పరాదని అతడు వారి ప్రాణములు కాపాడెను. ఆ పురము ఇతరులచే ముట్టడింపబడినప్పుడు రక్షణకు సైన్యముతో వెళ్లెను. దావీదును చంపుటకు సౌలురాజు వెంటాడుచుండగా, ఎన్గెదీ గుహలో ఆ రాజే ఒంటరిగా దావీదునకు చిక్కెను. దావీదు అతని వస్త్రపు చెంగు మాత్రము కోసి విడిచెను. అదే దావీదు పిదప ఊరియా అను తన సేవకుని భార్యను కోరి, ఆ సేవకుని యుద్ధమున చావునకు పంపెను. ప్రవక్త నాతాను ఎదుట నిలిచి తప్పు చూపగా, సింహాసనముపై నున్నవాడు ఆ తప్పు నొప్పుకొనెను. యూదుల గ్రంథము తన వీరుని దోషమును దాచలేదు, ఇది గమనింపదగినది. ఇక యూదా మక్కబీయుడు, తన జనుల ఆరాధనను నిషేధించిన సిరియా రాజుపై పోరి, క్రీ.పూ. 164లో యెరూషలేము ఆలయమును శుద్ధి చేసెను. ఆ దినముల స్మృతిగా యూదులు నేటికిని హనుక్కా దీపములు వెలిగింతురు. క్రీ.పూ. 160లో శత్రుసేనను చూచి అతని మూడు వేలమందిలో ఎనిమిది వందలమంది మాత్రమే మిగిలినను వెనుదిరుగక పోరి మరణించెను.

ఆర్థరు చరిత్రకన్న గాథకు చెందినవాడు. 1155లో వాస్ అను కవి అతని గుండ్రని బల్లను మొదటిసారి వర్ణించెను. ఎత్తైన పీఠము కొఱకు వీరులు తగవులాడుచుండగా, మొదలు తుది లేని బల్ల చేయించినచో ఎవ్వరును మరొకని కన్న మిన్న యని అతిశయింపరాదని దాని భావము. 15వ శతాబ్దమున థామస్ మలోరీ వ్రాసిన కథలో ఆ బల్ల చుట్టు కూర్చున్నవారు ఏటేట ప్రమాణము చేయుదురు: దౌర్జన్యము చేయరాదు, శరణన్నవానిని కాపాడవలెను, స్త్రీలకు అండగా నిలువవలెను, ధనమునకై అధర్మపక్షమున పోరరాదు. 1485లో ఆ గ్రంథమును అచ్చు వేసిన విలియం కాక్స్‌టన్ తన పీఠికలో ఈ తొమ్మండుగురిని పేరుపేరున స్మరించెను.

షార్లమేన్ 800లో రోమున చక్రవర్తిగా కిరీటము ధరించెను. విద్యాశాలలు నెలకొల్పుడని శాసించిన ఈ ప్రభువు, తాను వ్రాత నేర్చుకొనుటకు ముదిమిలో పలకలను తలగడ క్రింద నుంచుకొనెడివాడట. కాని 782లో వెర్డెన్ వద్ద 4,500 మంది సాక్సనులను వధింపజేసినవాడును ఇతడేనని ఆ కాలపు రాజవృత్తాంతములు చెప్పుచున్నవి. గాడ్‌ఫ్రే 1099లో యెరూషలేమును గెలిచిన పిదప, క్రీస్తు ముండ్లకిరీటము ధరించిన చోట తాను రాజకిరీటము ధరింపనని నిరాకరించెనని గాథ కలదు. ఆయన రాజబిరుదమును స్వీకరింపలేదనుట చరిత్ర. ఆ నగరము పట్టువడిన నాడు అందలి ముస్లిములును యూదులును ఊచకోతకు గురియగుటయు చరిత్రయే.

రాతిలో, వస్త్రమున, పేకముక్కలలో

ఈ పట్టిక శీఘ్రముగా వ్యాపించెను. జర్మనీలోని కొలోన్ నగర సభామందిరమున 1330 ప్రాంతమున తొమ్మండుగురి శిలాప్రతిమలు నిలిచెను. 1400 ప్రాంతమున నేసిన చిత్రకంబళములలో మిగిలినవి నేడు న్యూయార్కులోని క్లాయిస్టర్స్ ప్రదర్శనశాలలో నున్నవి. ఇటలీలోని మాంటా కోటలో 1420 ప్రాంతపు కుడ్యచిత్రములలో నవవీరుల సరసన నవవీరాంగనలును కలరు. 1380లో మరణించిన ఫ్రెంచి సేనాపతి బెర్‌ట్రాన్ ద్యు గెక్లాన్‌ను పదియవ వీరుడని కవులు కొనియాడిరి. ఫ్రెంచివారి పేకముక్కలలో ఇస్పేటు రాజు దావీదు, కళావరు రాజు అలెగ్జాండరు, డైమను రాజు సీజరు, ఆఠీను రాజు షార్లమేన్. హెక్టరు డైమను జాకీ. ఆ వీరుల పేర్లు ఫ్రెంచి ముక్కలపై నేటికిని కానవచ్చును.

పొగడ్త వేరు, నడత వేరు

ఇచ్చట చదువరులు కొన్ని సంవత్సరములను ప్రక్కప్రక్కన ఉంచి చూడవలెను. ఫ్రెంచి కవి మువ్వురు యూదులను లోకవీరులుగా కీర్తించినది 1312 ప్రాంతమున. ఫ్రాన్సు రాజు నాలుగవ ఫిలిప్ తన రాజ్యములోని యూదులనందరిని వెడలగొట్టి వారి ఆస్తులు హరించినది 1306లో. మధ్య ఆరేండ్లు మాత్రమే. 1315లో వారిని మరల రానిచ్చిరి. 1394లో మరల వెడలగొట్టిరి. ఈ నడుమనే జాఫ్రువా ద షార్నీ అను ఫ్రెంచి వీరుడు వీరధర్మముపై గ్రంథము వ్రాసి, ఆదర్శవీరునిగా యూదా మక్కబీయుని చూపెను. షార్నీ 1356లో పువాత్యే యుద్ధమున రాజపతాకమును పట్టుకొనియే మరణించెను. అతని సత్యసంధతను శంకింప పనిలేదు. కాని మక్కబీయుని వంశీయులు ఆ దేశమున ఎట్టి స్థితిలో నుండిరో ఆ పొగడ్త వినినవారికి తోచినట్లు లేదు.

న్యూరెంబర్గు నగరమున ఈ వైరుధ్యము రాతిలోనే నిలిచినది. అచ్చటి ప్రధానపు అంగడివీధి యున్న చోట పూర్వము యూదుల వాడ యుండెను. 1349 నవంబరులో నాలుగవ చార్లెస్ రాజు ఆ ఇండ్లను పడగొట్టి అంగడి నేర్పరచుటకు నగరపాలకులకు అనుజ్ఞ యిచ్చెను. డిసెంబరు 5వ తేదీన అచ్చటి యూదులు సంహరింపబడిరి. మృతులు 562 మంది. ప్రార్థనామందిర మున్న స్థలమున క్రైస్తవాలయము లేచినది. 1385 నుండి 1396 వరకు అదే వీధిలో సుమారు 19 మీటర్ల ఎత్తున 'సుందర జలాశయము' అను ఫౌంటెన్ నిర్మింపబడెను. నేడున్నది దాని ప్రతిరూపము. దానిపై నవవీరుల ప్రతిమలు కలవు. యెహోషువ, దావీదు, మక్కబీయుడు అను మువ్వురు యూదులు, తమ జనులు చంపబడిన నేలపై గౌరవముగా నిలిచియున్నారు.

ఎప్పుడో మరణించిన వీరుని పొగడుటకు ఖర్చు లేదు. అతడు మనలను ఏమియు అడుగడు. అప్పు తీర్చుమనడు, ఇల్లు పంచుకొమ్మనడు, మనతో వాదింపడు. అతని ధర్మము మాత్రము అడుగును. గిబియోనువారు మోసగించినను ఇచ్చిన మాట నిలిపినవానిని ప్రతిమగా నిలిపినవారు, తమ చెంత నమ్మి బ్రదుకుచున్న ఇరుగుపొరుగువారిని నిలుపుకొనలేకపోయిరి. గుహలో చిక్కిన శత్రువును విడిచినవానిని శిలలో చెక్కించినవారి నగరముననే చిక్కిన నిరాయుధులకు విడుదల దొరకలేదు.

కాబట్టి ఈ పాఠమున గ్రహింపవలసినది రెండు విధములు. మొదటిది: వీరధర్మమనునది వట్టి మాట కాదు. ఓడినవాడును వీరుడు కావచ్చుననియు, అన్యమతస్థుడును ఆదర్శము కావచ్చుననియు, బలవంతునకు ప్రమాణమే కళ్లెమనియు అది నేర్పినది. దానిని నమ్మి ప్రాణము విడిచినవారును కలరు. రెండవది: ఆదర్శమును కీర్తించిన సమాజము ఆదర్శమును పాటించినట్లు కాదు. పెద్దల చరిత్రలు పిల్లలకు చెప్పునప్పుడు వారి పరాక్రమముతో పాటు వారి తప్పులను, వారిని కొలిచినవారి తప్పులను కూడ చెప్పవలెను. దావీదు కథను వ్రాసినవారు అట్లే చేసిరి.

వీరుని తూచు త్రాసు ప్రతిమల యొద్ద లేదు. తన చేతిలో బలమున్న దినమున, ఎదుట నిరాయుధుడు నిలిచినప్పుడు, మానవుడు ఏమి చేయునో అచ్చట నున్నది.