మా వంటింటి రంజాన్ పాఠాలు

మా ఇంట్లో ఇప్పుడు కొత్త కోడళ్లు, ఎదిగొస్తున్న మనవరాళ్లు రోజా (ఉపవాసం) ఉంటున్నారు. సహరీ ఎన్నింటికి ముగుస్తుందో, ఇఫ్తార్ ఏ నిమిషానికో వాళ్లకు ఫోనే చెబుతుంది. మసీదు కమిటీ అచ్చువేయించిన టైంటేబుల్ ఫ్రిజ్ తలుపు మీద అతికించే ఉంటుంది. వాటిలో దొరకని సంగతులు మాత్రం నన్నడుగుతారు. కడపలో తెలుగు టీచరుగా చేసి రిటైరైనదాన్ని కనుక, నోటితో చెప్పడం కంటే రాసివ్వడమే నాకు సులువు.

ఇన్నేళ్లలో నాకు బాగా అర్థమైంది ఒకటుంది. రోజా ఉండమన్నవాడే, ఎప్పుడు ఉండక్కర్లేదో కూడా చెప్పాడు. మనవాళ్లు మొదటి మాట గట్టిగా పట్టుకుని రెండోదాన్ని ఇంటి బయట వదిలేస్తారు. ఆ రెండో మాట ఎక్కువగా ఆడవాళ్లకూ, రోగులకూ, ముసలివాళ్లకూ సంబంధించింది మరి.

1. ఏ కాలంలో వచ్చిందో చూసుకోండి

హిజ్రీ సంవత్సరం చంద్రుడిది. మన ఇంగ్లిషు కేలండరు కంటే పదీ పదకొండు రోజులు తక్కువ. అందుకే రంజాన్ ఏటా ముందుకు జరుగుతూ, సుమారు 33 ఏళ్లకు అన్ని కాలాలూ చుట్టి వస్తుంది. నా చిన్నప్పుడు, 1960ల మధ్యలో, అది డిసెంబరు, జనవరి చలిలో వచ్చేది. నా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు, 1985, 86 సంవత్సరాల్లో, మే నెల ఎండల్లో పడింది. మళ్లీ 2018, 2019లో మేలోనే. 2025లో మార్చి మొదట్లో మొదలైంది. ఇక 2030లో అయితే ఒకే ఏడాదిలో రెండు రంజాన్లు, జనవరిలో ఒకటి, డిసెంబరు చివర ఇంకొకటి.

మన కడపలో చలికాలపు రోజాకూ ఎండాకాలపు రోజాకూ గడియారంలో తేడా రెండు గంటలే. చంపేది గంటలు కాదు, దాహం. లండన్‌లో ఉన్న మా చెల్లెలి కూతురికి జూన్‌లో రంజాన్ వచ్చినప్పుడు రోజా 18 గంటలు దాటేది, కానీ దాహం వేసేది కాదంటుంది. ఎవరి కష్టం వాళ్లది.

పిల్లల చేత మొదటి రోజా ఉంచేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. రోజా కుషాయీ అని పూలదండలు వేసి, చుట్టాలను పిలిచి చేసే వేడుక ముచ్చటైనదే. యుక్తవయసు వచ్చేదాకా పిల్లల మీద రోజా ఫర్జ్ (తప్పనిసరి) కాదు. ఏడేళ్ల పిల్లను మే నెలలో ఒక్కపొద్దు ఉంచి, మధ్యాహ్నానికి అది వాడిపోయి పడుకుంటే మురిసిపోయే తల్లిదండ్రులను చూశాను. ఆ మురిపెం నాకు నచ్చదు. రాబోయే కొన్నేళ్లూ చలికాలపు రంజాన్లే, పిల్లలకు అలవాటు చేయడానికి ఇంతకంటే మంచి అదను ఉండదు.

2. సహరీ వండేవాళ్లు ఎప్పుడు నిద్రపోతున్నారో లెక్క వేయండి

మా అత్తగారి కాలంలో తెల్లవారుజామున ఫకీర్లు పాడుకుంటూ వీధుల్లో తిరిగి లేపేవాళ్లు. తర్వాత మసీదు మైకు, ఇప్పుడు ఫోను అలారం. లేపేవి మారాయి కానీ, మొదట లేచేది ఎప్పుడూ ఇంటి కోడలే. మూడింటికి లేచి అన్నం వండాలి, అందరూ తిన్నాక గిన్నెలు సర్దాలి, ఫజర్ నమాజు చదవాలి. తొమ్మిదింటికి బడి. మధ్యాహ్నం మూడు నుంచి మళ్లీ ఇఫ్తార్ పనులు. మగవాళ్లు రాత్రి తరావీహ్ నమాజు చదివి వచ్చి పడుకుంటే, ఆడవాళ్లు మర్నాటి సహరీకి పప్పు నానబెట్టి పడుకుంటారు.

మా ఇంట్లో నేను పెట్టిన పద్ధతి ఇది: కూర రాత్రే అయిపోవాలి, సహరీకి అన్నం ఒక్కటే పొయ్యి మీద ఉండాలి. కంచాలు పెట్టడం, తీయడం మగపిల్లల పని. మొదట్లో మావాడు మొహం చిట్లించాడు. ఇప్పుడు వాడి కొడుకు అడగకుండానే చేస్తాడు.

ఏం తినాలంటే, పెరుగన్నం. దాని తర్వాతే ఏదైనా. ఊరగాయ, అప్పడం, రాత్రి మిగిలిన బిర్యానీ తింటే పదకొండు గంటలకే నాలుక పిడచ కడుతుంది. సంగటి తినేవాళ్లకు ఆకలి ఆలస్యంగా తెలుస్తుంది. ఇంకొక మాట, సహరీ మానేసి ఒక్కపొద్దు ఉండటం గొప్పేమీ కాదు. సహరీ తినమని, అదీ వీలైనంత ఆలస్యంగా తినమని, ఇఫ్తార్ మాత్రం ఆలస్యం చేయవద్దని చెప్పినవారు ప్రవక్తే.

3. ఉప్పు సరిపోయిందా?

రోజాలో వంట చేసే ప్రతి ఆడమనిషి బాధ ఇది. నాలుక కొసకు తాకించి ఉప్పు చూసి ఉమ్మేస్తే, గొంతులోకి దిగనంతవరకు, రోజా పోదు. అవసరం లేకుండా చేయడం మాత్రం మంచిది కాదంటారు. ఆ అవసరం ఏమిటో వివరిస్తూ, మొగుడు ముక్కోపి అయితే భార్య ఉప్పు చూసుకోవచ్చని హనఫీ ధర్మశాస్త్ర గ్రంథాలు సెలవిచ్చాయి. అది రాసిన పండితుల ఇళ్లలో పరిస్థితి ఎలా ఉండేదో అని నాకు నవ్వొస్తుంది. మా ఇంట్లో ఉప్పు తక్కువైతే ఎవరికి కావలసింది వాళ్లు కలుపుకుంటారు, ఆ మినహాయింపుతో పని పడలేదు.

4. ఉండవద్దంటే ఉండకండి

ఇది కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

రోజాలు ఫర్జ్ అయింది హిజ్రత్ తర్వాత రెండో ఏట. ఆ ఆజ్ఞ ఖురాన్‌లో బఖరా సూరాలో ఉంది. అదే చోట, ఆ వెంటనే, రోగులకూ ప్రయాణంలో ఉన్నవాళ్లకూ తర్వాత పూర్తి చేసుకునే వెసులుబాటు ఉంది. అల్లాహ్ మీకు సులువు కోరుతున్నాడే కానీ కష్టం కోరడం లేదన్న భావం కూడా అక్కడే ఉంది. అది చదివే మనవాళ్లు కష్టాన్నే కోరుకుంటారు.

మా ఆయనకు షుగరు. మాత్రలతో ఉన్నంతకాలం డాక్టరును అడిగి, మోతాదులు సహరీకీ ఇఫ్తార్‌కూ మార్చుకుని రోజాలు ఉన్నారు. అది తప్పేమీ కాదు. ఇన్సులిన్ మొదలయ్యాక డాక్టరు వద్దన్నారు. ఈయన వినలేదు. మధ్యాహ్నం చెమటలు పట్టినా, చేతులు వణికినా మాకు తెలియకుండా గదిలో పడుకునేవారు. చిన్నప్పటి నుంచి ఒక్క రోజా కూడా వదల్లేదన్న పేరుంది ఆయనకు. ఆ పేరు పోతుందని భయం. ఇది భక్తి కాదు, పంతం అని నేనంటే ఇంట్లో నాలుగు రోజులు మాటల్లేవు. చివరికి మా మసీదు ఇమామ్‌గారే వచ్చి కూర్చుని, ఉండమన్నప్పుడు ఉన్నారు కదా, వద్దన్నప్పుడు మానడం కూడా అల్లాహ్ మాట వినడమే అన్నారు. ఆయన నోట వినేసరికి ఈయన తగ్గారు.

తిరిగి కోలుకుని ఖజా, అంటే వదిలిన రోజాలు, పూర్తి చేయలేని రోగికి, బాగా ముసలివాళ్లకు ఫిద్యా ఉంది. వదిలిన ఒక్కో రోజాకు ఒక పేదకు రెండు పూటల భోజనం, లేదా ఫిత్రా (పండగ ముందు ఇచ్చే దానం) లెక్కన గోధుమల ధర. ఆ ఏడాది మా ఆయన ఆ డబ్బు తన చేత్తోనే ఇచ్చొచ్చారు. మర్నాటి నుంచి అందరి కంటే ముందు ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ పరిచేది ఆయనే.

షుగరున్నా డాక్టరు సరేనంటే రోజా ఉండేవాళ్లు వేలికొస పొడిచి పరీక్ష చేసుకోవడానికి జంకకండి, దానివల్ల రోజా పోదు. 70 కన్నా పడిపోయినా, 300 దాటినా, ఇఫ్తార్‌కు పది నిమిషాలే ఉన్నా సరే, వెంటనే విరమించాలని వైద్యులు చెబుతారు. రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరు దగ్గరకు వెళ్లాలి, నెలవంక కనిపించిన రాత్రి కాదు. గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ తమకో బిడ్డకో హాని అనిపిస్తే తర్వాత పూర్తి చేసుకునే వెసులుబాటు ఉంది. ఫలానావాళ్ల కోడలు తొమ్మిదో నెలలో కూడా ముప్పై ఉందట అని మీ ముందు పొగిడే పెద్దమ్మలు ప్రతి వీధిలోనూ ఉంటారు. వాళ్లకు టీ ఇవ్వకండి, ఎలాగూ వాళ్లు రోజాలో ఉంటారు.

5. ఆ రోజుల్లో దాక్కుని తినక్కర్లేదు

నెలసరిలో, పురిట్లో ఆడవాళ్లు రోజా ఉండకూడదు. వదిలిన నమాజులు మళ్లీ చదవక్కర్లేదు, వదిలిన రోజాలు మాత్రం తర్వాత ఉండాలి. ఇది ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. అయినా మా కాలంలో ఆడపిల్లలు సహరీకి అందరితో పాటు లేచి తిన్నట్టు నటించి, పగలు వంటింట్లో తలుపు వెనక రెండు ముద్దలు మింగి, ఇఫ్తార్‌కు అందరికంటే ముందు ఖర్జూరం పట్టుకుని కూర్చునేవాళ్లు. తండ్రికి, అన్నలకు తెలియకూడదట. దేవుడు ఇచ్చిన సెలవును దొంగతనంలా వాడుకోవడం ఏమిటి? నా కూతురికి అది చేయనివ్వలేదు. రోజాలో ఉన్నవాళ్ల ఎదుట కూర్చుని తినమనడం లేదు, ఆ మర్యాద వేరు. దాక్కోవద్దంటున్నాను.

వదిలిన రోజాలు కేలండరులో గుర్తు పెట్టుకోండి. ప్రవక్త భార్య హజ్రత్ ఆయెషా తన ఖజా రోజాలు మళ్లీ రంజాన్‌కు ముందొచ్చే షాబాన్‌లో పూర్తి చేసేవారని హదీసుల్లో ఉంది. అంత దూరం జరపకుండా నేను వీలైనంత వరకు డిసెంబరులోనే ముగించేదాన్ని.

6. నాలుకకూ రోజా ఉంది

అబద్ధాలు, చాడీలు మానని మనిషి అన్నం నీళ్లు మానడం దేవుడికి అక్కర్లేదని ప్రవక్త చెప్పారు. ఎవరైనా తగువుకొస్తే నేను రోజాలో ఉన్నానని చెప్పి తప్పుకోమన్నారు. అందుకే సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా మా ఇంట్లో ఎవరూ డబ్బు సంగతులు, పెళ్లి సంబంధాల సంగతులు ఎత్తకూడదు. అంతే.

7. ఇఫ్తార్ అంటే గంజి

ఇప్పుడు ఇఫ్తార్ అనగానే పిల్లలు హలీమ్ అంటున్నారు. హైదరాబాదీ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, దాని రుచికి నేను వంక పెట్టను. కానీ పగలంతా ఖాళీగా ఉన్న కడుపుకు మా వైపు మసీదుల్లో పోసే గంజిని మించింది లేదు. బియ్యపు నూకలు, పెసరపప్పు, కాస్త ఖీమా, అల్లంవెల్లుల్లి, పుదీనా, కొత్తిమీర, అన్నీ పెద్ద దేగిసాలో అడుగంటకుండా తిప్పుతూ వండుతారు. ఏ రోజు ఎవరి తరఫున అన్నది ముందే రాయించుకుంటారు. అసర్ నమాజు తర్వాత పిల్లలు స్టీలు క్యాన్లు పట్టుకుని వరుస కడతారు. మా పక్కింటి రెడ్డమ్మ మనవడికి జ్వరమొచ్చినప్పుడల్లా ఆ గంజే తాగుతానని పేచీ పెట్టేవాడు, రంజాన్ కాని నెలల్లో కూడా.

ఒక ఖర్జూరం, గ్లాసు నీళ్లు, గంజి. తర్వాత మగ్రిబ్ నమాజు. బజ్జీలు, సమోసాలు తినాలనుకుంటే ఆ తర్వాత రెండు తినండి. నూనె మూకుడు దగ్గర సాయంత్రమంతా ఒక మనిషిని నిలబెట్టేంత ముఖ్యమైనవి కావవి. నాయకులు టోపీలు పెట్టుకుని ఫొటోలు దిగే ఇఫ్తార్ విందుల గురించి నాకు చెప్పడానికేమీ లేదు.

8. మీ బంగారం లెక్క మీరే చూసుకోండి

జకాత్‌కు ఏడాదిలో ఏ నెలైనా పనికొస్తుంది కానీ మనవాళ్లు పుణ్యం ఎక్కువని రంజాన్‌లోనే తీస్తారు. ఆడవాళ్లు సాధారణంగా దీన్ని మగవాళ్లకు వదిలేస్తారు. మీ ఒంటి మీది బంగారం మీది, దాని జకాత్ బాధ్యతా మీదే. మనం పాటించే హనఫీ పద్ధతిలో వేసుకునే నగలు కూడా లెక్కలోకి వస్తాయి. ఉత్త బంగారమే ఉంటే 87.48 గ్రాములు, వెండి అయితే 612.36 గ్రాములు, అంతకు మించి ఏడాది పాటు ఉంటే నూటికి రెండున్నర. కొంచెం బంగారం, కొంచెం రొక్కం ఉన్నవాళ్లు రెండూ కలిపి వెండి ధరతో పోల్చుకోవాలి. చాలామంది తప్పిపోయేది ఇక్కడే. రెండు గాజులు, బ్యాంకులో కొంత డబ్బు ఉన్న కోడలు తన మీద జకాత్ లేదనుకుంటుంది, ఉంటుంది.

తల్లిదండ్రులకూ పిల్లలకూ జకాత్ చెల్లదు. అవసరంలో ఉన్న అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు చెల్లుతుంది, వాళ్లకే ముందు ఇవ్వాలి. ఇది జకాత్ అని చెప్పి చిన్నబుచ్చక్కర్లేదు, మనసులో అనుకుంటే చాలు. పనిమనిషి జీతాన్ని జకాత్‌లో కలిపి లెక్క సరిపెట్టే ఇళ్లు చూశాను. జీతం ఆమె హక్కు, దాన్ని దానం ఖాతాలో రాసుకోవడం కుదరదు. ఫిత్రా సంగతి సులువు: మనిషికి సుమారు 1.75 కిలోల గోధుమలు లేదా వాటి ధర, ఈద్ నమాజుకు ముందే. పండగ పూట పేదవాళ్ల పొయ్యి కూడా వెలగాలి కాబట్టి రెండు రోజుల ముందే ఇచ్చేయండి.

9. అర్థం తెలుసుకుని వినండి

తరావీహ్‌లో హాఫిజ్‌గారు ఖురాన్ ముప్పై భాగాలూ నెలలోపే చదివేస్తారు. అరబ్బీ మనకు అర్థం కాదు. తెలుగు టీచరుగా నాకు ఇది ఎప్పుడూ లోటే. రాత్రి ఏ భాగం చదువుతారో కనుక్కుని పగలు దాన్ని తెలుగులో చదువుకోవడం అలవాటు చేసుకున్నాను. ఖురాన్‌ను మొదట తెలుగు చేసింది చిలుకూరి నారాయణరావు గారని మీకు తెలుసా? అనంతపురం కళాశాలలో పనిచేసిన పండితుడు, మన ప్రాంతానికి రాయలసీమ అనే పేరు ప్రతిపాదించిన ఆయనే. తర్వాత మరెన్నో అనువాదాలు వచ్చాయి, చేతికి అందింది చదవండి.

2020 రంజాన్ ఏప్రిల్ 25న లాక్‌డౌన్‌లో మొదలైంది. మసీదులు మూతపడ్డాయి. మా ఇంటి హాల్లో మనవడు ముందు నిలబడి తరావీహ్ చదివిస్తే, మగవాళ్ల వరుస వెనక మేమంతా నిలబడ్డాం. వాడికి వచ్చినవి చిన్న సూరాలే, వాటికి అర్థాలు మాకందరికీ తెలుసు. అన్నేళ్లలో నాకు అంత బాగా కుదిరిన తరావీహ్ లేదు.

10. ఆడవాళ్ల ఎతెకాఫ్

చివరి పది రోజుల్లో మగవాళ్లు మసీదు వదలకుండా ఆరాధనలో ఎతెకాఫ్ కూర్చుంటారు. ఆడవాళ్లు ఇంట్లోనే నమాజుకు కేటాయించుకున్న చోట కూర్చోవచ్చు. ఇరవయ్యో రోజు పొద్దు కుంకే ముందు మొదలుపెట్టి పండగ చంద్రుడు కనిపించేదాకా. చాలా ఇళ్లలో ఇది జరగదు, ఎందుకంటే కూర్చోవాలనుకున్నామె లేస్తేనే వంట అవుతుంది. నాకు కుదిరింది రిటైరయ్యాకే. ఈసారి పెద్దకోడలు కూర్చుంటానంటోంది. మంచిది. ఆ పది రోజులూ సహరీకి ఎవరు లేస్తారు, గంజికి క్యాను ఎవరు తీసుకెళతారు, పండగ షీర్ ఖుర్మాకు సేమియా, డ్రైఫ్రూట్స్ ఎవరు తెస్తారు అన్నది పదిహేనో రోజుకే కాగితం మీద పేర్లతో రాసి ఫ్రిజ్ తలుపుకు అతికించండి. నా పేరు సహరీ కింద రాయండి, ఎలాగూ మూడింటికి మెలకువ వస్తుంది. కూరలు మాత్రం తరగలేను, వేళ్లు వంగడం లేదు.