విషమునకు కళ్లెము

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి భూములు ప్రత్తికిని మిరపకును ప్రసిద్ధి గాంచినవి. పుష్యమాసమున చిలకలూరిపేట నుండి పర్చూరు వైపు పోవు బాటసారికి తెల్లగా విచ్చిన ప్రత్తిచేలు కన్నుల పండువు చేయును. కాని ఆ చేలకు ఒక చేదు చరిత్ర కలదు.

ప్రత్తికి పురుగుల బెడద మెండు. 1980 ప్రాంతమున సింథటిక్ పైరిత్రాయిడ్లు అను క్రొత్త పురుగుమందులు మన దేశమునకు వచ్చినవి. మొదట అవి చల్లినంతనే పురుగు రాలిపోయెను. రైతులు సంతసించి మరల మరల చల్లిరి. ఐతే విషమునకు శత్రువెవరో మిత్రుడెవరో తెలియదు. పురుగులను తిని పైరును కాపాడు సాలీళ్లు, అక్షింతల పురుగులు కూడ ఆ మందునకు బలియైనవి. వానిని కోల్పోయిన చేలలో తెల్లదోమ విజృంభించెను. అది ఆకు అడుగున చేరి రసమును పీల్చి, జిగటను విసర్జించును. ఆ జిగటపై నల్లని బూజు పట్టి, తెల్లని దూది మసిబారును. మరియొక వంక శనగపచ్చపురుగు మందులకు అలవాటుపడి, ఎంత చల్లినను చావకుండెను.

1987-88 పంటకాలమున ఈ ప్రాంతపు ప్రత్తి ఘోరముగా దెబ్బతినెను. పెట్టుబడికై తెచ్చిన అప్పులు తీరు మార్గము లేక పలువురు రైతులు ప్రాణములు విడిచిరి. పెక్కు కుటుంబములు దిక్కులేనివైనవి.

ఇట్టి విషములను అదుపుచేయు చట్టమే లేదా యని కొందరికి సందేహము కలుగవచ్చును. చట్టము అప్పటికే కలదు. దాని పుట్టుకకు కూడ ఒక విషాదమే కారణము. 1958లో ఒకే ఓడలో పారథియాన్ అను పురుగుమందును, గోధుమపిండి మూటలను కలిపి తెచ్చిరి. మందు కారి పిండిలో కలిసెను. ఆ పిండిని తిని కేరళమున నూరుమందికి పైగా మరణించిరి. దేశము ఉలికిపడెను. విచారణలు జరిగిన పిమ్మట 1968లో పార్లమెంటు పురుగుమందుల చట్టమును చేసెను.

ఈ చట్టము ప్రకారము ఏ మందునైనను ముందు కేంద్రమునందలి నమోదు సంఘము పరీక్షింపవలెను. అది పురుగును చంపునా, మనుష్యునకును పశువునకును ఎంత హాని చేయును అను విషయములను విచారించి, పిదపనే అనుమతి నొసగును. అమ్మువాడు రాష్ట్ర ప్రభుత్వము నుండి లైసెన్సు పొందవలెను. ఇన్‌స్పెక్టరు దుకాణమును తనిఖీ చేసి నమూనాలను పరీక్షకు పంపవచ్చును. ప్రతి సీసాపైనను విషతీవ్రతను తెలుపు రంగు గుర్తు ఉండవలెను. ఎరుపు అత్యంత విషపూరితము, పసుపు దాని తరువాతిది, నీలము మధ్యరకము, ఆకుపచ్చ స్వల్పము. చదువురాని వారికి సైతము అపాయము తెలియవలెనని ఈ ఏర్పాటు.

ఇంత కట్టుదిట్టము ఉండగా 1987లో అంతటి నష్టము ఎట్లు సంభవించెను? చట్టము ఒక్కొక్క మందును విడివిడిగా తూచెను. ఒక ప్రాంతమంతయు ఒకే పైరు వేసి, ఒకే మందును పదే పదే చల్లినచో ఏమగునో అది తూచలేదు. ఇన్‌స్పెక్టరు దుకాణము వరకే వచ్చును, చేనికి రాడు. పలు గ్రామములలో మందు అరువిచ్చు వర్తకుడే ఏ మందు ఎంత చల్లవలెనో చెప్పు సలహాదారుడయ్యెను. అమ్మకముపై బ్రతుకు వాడు “ఇక చాలును” అని చెప్పుట అరుదు. ఈ లోపము ఏ సీసాపైనను వ్రాసి యుండదు.

ఒక మందును నిషేధించుట కూడ సులభమైన పని కాదు. తయారీదారులు తమ పెట్టుబడులను గూర్చియు, రైతులు చవుక మందు పోవునను భయమును గూర్చియు చెప్పుదురు. మందు చల్లు కూలీల ఆరోగ్యము, తినువారి క్షేమము, నీరు, తేనెటీగలు – వీని పక్షమున మాటలాడువారు తక్కువ. వ్యవసాయమున డి.డి.టి. వాడుకను మన ప్రభుత్వము 1989లో నిషేధించెను. కేరళలోని కాసరగోడు ప్రజలు ఏండ్ల తరబడి మొరపెట్టుకొనిన పిదప, 2011 మే నెలలో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్ వాడుకను నిలిపివేసెను. 2020లో కేంద్ర ప్రభుత్వము 27 మందులను నిషేధింప నెంచి ముసాయిదా ప్రకటించెను. ఆక్షేపణలు విని, సమీక్షలు జరిపిన మీదట 2023లో కొన్నింటిని మాత్రమే నిషేధించి, మరికొన్నింటి వాడుకను పరిమితము చేసెను.

చట్టము చేయలేని పనిని విజ్ఞానమును, గ్రామస్థుల ఐకమత్యమును కొంత చేసినవి. గుంటూరు సమీపమునందలి లాం పరిశోధన కేంద్రము తెల్లదోమను తట్టుకొను ‘కాంచన’ అను ప్రత్తి రకమును రూపొందించెను. నాటి ఖమ్మం జిల్లాయందలి పునుకుల గ్రామస్థులు వేపగింజల కషాయము, లింగాకర్షక బుట్టలు, పసుపు జిగురు అట్టలు మున్నగు వానితో పైరును కాపాడుకొని, 2004లో తమది పురుగుమందులు లేని గ్రామమని ప్రకటించుకొనిరి. 2002లో అనుమతి పొందిన బి.టి. ప్రత్తి మొదట మందు ఖర్చును తగ్గించెను. కాని కొన్నేండ్లకు గులాబిరంగు పురుగు దానికిని అలవాటు పడెను. ఏ ఒక్క ఆయుధమునైనను అదే పనిగా నమ్ముకొనరాదని ప్రకృతి మరల బోధించెను.

సీసాపై రంగు గుర్తుతో పాటు మోతాదు, చల్లిన పిమ్మట కోతకు ఆగవలసిన దినములు, ఖాళీ సీసాను తిరిగి వాడరాదను హెచ్చరిక సన్నని అక్షరములలో ఉండును. చూపు తగ్గిన తాతకు, పనితొందరలో నున్న తండ్రికి ఆ అక్షరములు కనబడవు. ఎనిమిదవ తరగతి చదువు బాలుడో బాలికయో వానిని పెద్దగా చదివి వినిపించినచో, ఢిల్లీలో చేసిన చట్టము ఆనాటికి ఆ చేనిగట్టుకు చేరినట్లగును.