బొగ్గు స్టవ్ ఉంచుకోవాలా, తీసేయాలా?

ప్రశ్న: పెన్సిల్వేనియాలో స్క్రాంటన్ దగ్గర పాత ఇల్లు కొన్నాం. బేస్‌మెంట్‌లో బొగ్గు స్టవ్ ఉంది. చలికాలం ఆయిల్ బిల్లు మోయలేకపోతున్నాం. బొగ్గు వాడితే కలిసొస్తుందా?

జవాబు: మీరున్నది ఆంత్రసైట్ అనే గట్టి బొగ్గు గనుల సీమ, కాబట్టి కలిసిరావచ్చు. ఇదే ప్రశ్న దూరపు రాష్ట్రం నుంచి వస్తే వద్దనేవాణ్ణి, రవాణా ఖర్చే మింగేస్తుంది. అమెరికా టన్ను, అంటే 907 కిలోల ఆంత్రసైట్‌లో ఉండే వేడి సుమారు 180 గ్యాలన్ల హీటింగ్ ఆయిల్‌కు సమానం. గ్యాలన్ ధరను 180తో హెచ్చవేసి, ఇంటికి చేర్చిన టన్ను ధరతో పోల్చండి. పాత స్టవ్ కొంత వేడిని వృథా చేస్తుంది, ఆ మేరకు తగ్గించుకోండి.

డబ్బు కన్నా చాకిరీయే పెద్ద సమస్య. చేత్తో వేసే స్టవ్‌కు సాధారణంగా ‘నట్’ సైజు బొగ్గు కావాలి. తనంతట తానే లాక్కునే స్టోకర్‌కైతే ‘రైస్’ సైజు. పేరుకు బియ్యమే, గింజ మాత్రం శనగంత. చేత్తో వేసేదైతే రోజుకు రెండుసార్లు జల్లెడ కుదిపి బూడిద దించాలి. వేసిన బొగ్గులో పదోవంతు దాకా బూడిదే. దాన్ని మూతున్న ఇనుప డబ్బాలోనే పోయండి. నిప్పు ఆరిందా, మళ్లీ కట్టెలతో మొదలు.

ఆంత్రసైట్‌కు పొగ దాదాపు ఉండదు. అందుకే భయం. కార్బన్ మోనాక్సైడ్ కంటికి కనపడదు, వాసనా రాదు. ముందు చిమ్నీ చూపించండి, పడకగదుల దగ్గర డిటెక్టర్లు పెట్టండి.

ఆయిల్ ఫర్నేస్ మాత్రం తీసేయకండి. సంక్రాంతికి ఊరొస్తే ఆ స్టవ్‌ను మేపేదెవరు?